రిలేతో మాట్లాడటం ఒక ఎత్తు, సెట్టింగ్ మార్చడం ఇంకో ఎత్తు

కరెంట్ లైన్‌లో లోపం రాగానే బ్రేకర్‌ని, అంటే సరఫరా తెంచే పెద్ద స్విచ్చిని, తెరిపించే (ట్రిప్ చేయించే) పరికరమే ప్రొటెక్షన్ రిలే. కొత్తగా ఈ రిలేల టెస్టింగ్‌లోకి వచ్చినవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. రిలే కేటలాగ్‌లో మోడ్‌బస్, 103, డీఎన్‌పీ3, 61850 అని ప్రోటోకాల్‌ల పేర్లు వరసగా ఉంటాయి. ఇన్ని భాషలు వచ్చిన రిలేలో ఒక్క ఓవర్‌కరెంట్ (హద్దు మించిన కరెంట్) సెట్టింగ్ మార్చాలంటే మాత్రం ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకోవాలి, ఆ కంపెనీ చెప్పిన కేబులే వెతుక్కోవాలి. పక్క ప్యానెల్‌లో వేరే కంపెనీ రిలే ఉంటే మళ్లీ ఇంకో సాఫ్ట్‌వేర్. "మరి ఆ నాలుగు ప్రోటోకాల్‌లూ దేనికండీ?" అని అడుగుతారు.

అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రోటోకాల్‌లలో చాలావరకు రిలేని "ఏం జరిగింది, ఇప్పుడు కరెంట్ ఎంత ఉంది?" అని అడగడానికి పుట్టాయి. కంట్రోల్ రూమ్‌కి కావలసింది అదే. "ఇకమీదట ఇలా పనిచెయ్యి" అని రిలేకి చెప్పడం వేరే పని. దానికి కావలసిన జాగ్రత్త వేరు, తప్పు జరిగితే పడే దెబ్బ కూడా వేరు. రెండూ ఒకే తీగ మీద నడుస్తుండటంతో ఒకటే అనిపిస్తాయి.

ఒకప్పుడు ఈ గొడవే లేదు. డిస్క్ తిరిగే ఎలక్ట్రోమెకానికల్ రిలేలో సెట్టింగ్ మార్చడమంటే ముందున్న ప్లగ్‌ని ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో పెట్టడం, టైమ్ డయల్ కాస్త తిప్పడం. ఎంతలో ఉందో తెలియాలంటే అద్దంలోంచి చూస్తే చాలు. 1984లో ఎడ్మండ్ ష్వైట్జర్ కంపెనీ తన మొదటి డిజిటల్ రిలేని అమ్మకానికి తెచ్చింది. అక్కణ్నుంచి క్రమంగా ప్లగ్, డయల్ పోయి మెమరీలో అంకెలు మిగిలాయి. ఇప్పుడు మామూలు ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి పోయే లైన్) రిలేలో కూడా వందల పారామీటర్లు ఉంటాయి.

అవన్నీ ఒక్క రకం కావు. పికప్ ఎంత (ఎంత కరెంట్ దాటితే రిలే కదలాలి), టైమ్ మల్టిప్లయర్ ఎంత (ట్రిప్ సమయాన్ని పెంచే, తగ్గించే గుణకం) అనేవి అసలు రక్షణ సెట్టింగ్‌లు. ఏ ఎలిమెంట్ (రిలే లోపలి ఒక్కో రక్షణ విభాగం) పనిచేస్తే ఏ కాంటాక్ట్ మూసుకోవాలి, ఏ ఎల్‌ఈడీ వెలగాలి అనేది లాజిక్. సీటీ, పీటీల (లైన్‌లోని పెద్ద కరెంట్‌ని, వోల్టేజీని తగ్గించి రిలేకి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల) రేషియోలు ఇంకో రకం. రిలే చిరునామా, బాడ్ రేట్ (లైన్ వేగం), ఐపీ అడ్రస్ లాంటివి మాట కలపడానికే కావలసినవి. ఎవరైనా "రిలే కాన్ఫిగరేషన్" అన్నప్పుడు ఈ నాలుగూ కలిపి అంటున్నారా, మొదటిదాన్నే అంటున్నారా అన్నది ముందు తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది.

తీగ, కవరు, ఉత్తరం

"రిలేకి 485 ఉంది, అంటే మోడ్‌బస్ ఉన్నట్టేగా?" అనేది తరచుగా వినబడే మాట. ఉన్నట్టు కాదు. ఆర్‌ఎస్-485 అన్నది తీగల జత మీద వోల్టేజీ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం, అంతవరకే. దాని మీద మోడ్‌బస్ నడవొచ్చు, 103 నడవొచ్చు, ఏ కంపెనీదో సొంత భాష నడవొచ్చు. తీగ ఒకటి, దాని మీద వెళ్లే కవరు ఒకటి, కవరు లోపలి ఉత్తరం ఇంకొకటి. కవరు మీద చిరునామా సరిగ్గా ఉండి, ఉత్తరం చేరినంత మాత్రాన అవతలివాడికి అది అర్థమైనట్టు కాదు.

తీగ దగ్గర వచ్చే తంటాలు చిన్నవే గానీ రోజంతా తినేస్తాయి. 485 లైన్ సుమారు 1200 మీటర్ల దాకా పోతుంది, సాధారణంగా 32 పరికరాలను మోస్తుంది, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఇవన్నీ పుస్తకంలో ఉంటాయి. ఆ రెండు తీగలకూ ఒక కంపెనీ ఏ, బీ అని పేరు పెడితే ఇంకో కంపెనీ సరిగ్గా తిరగేసి పెడుతుందన్నది మాత్రం అనుభవం మీదే తెలుస్తుంది. రిలే ఉలకదు పలకదు అన్నప్పుడు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే ముందు ఆ రెండు తీగలూ మార్చి చూడటం మా పనిలో అలవాటైపోయింది. ఆ తర్వాత పారిటీ (బైట్‌కి తోడుగా వెళ్లే తనిఖీ బిట్), ఆ తర్వాత ఒకే చిరునామా రెండు రిలేలకు ఉందేమో చూడటం.

వేగం సంగతీ ఒకటుంది. సెకనుకు 9600 బిట్ల లైన్ మీద, ఒక్కో బైట్‌కి 11 బిట్లు పడితే, సెకనుకు దాదాపు 870 బైట్లు వెళ్తాయి. లక్ష బైట్ల ఫాల్ట్ రికార్డు (లోపం వచ్చినప్పటి కరెంట్, వోల్టేజీల నమోదు) దింపుకోవడానికి ఎంత లేదన్నా రెండు నిమిషాలు. అదీ ఆ లైన్ మీద మిగతా రిలేలన్నీ నోరు మూసుకుని కూర్చుంటే.

మోడ్‌బస్‌ని దగ్గర నుంచి చూస్తే

మోడ్‌బస్‌ని 1979లో మోడికాన్ అనే కంపెనీ తన పీఎల్‌సీల (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే కంట్రోలర్ల) కోసం తయారు చేసింది. ప్రొటెక్షన్ రిలేల కోసం కాదు. చాలా సరళమైనది కాబట్టే ఇన్నేళ్లయినా పోలేదు. 17వ నంబర్ రిలేలో ఒక రిజిస్టర్‌లో (అంకె దాచే గడిలో) 3 అనే విలువ రాయాలంటే తీగ మీద వెళ్లే బైట్లు ఇవి: 11 06 00 01 00 03, చివర రెండు బైట్ల సీఆర్‌సీ (సందేశం దారిలో చెడిపోలేదని చూసుకునే తనిఖీ అంకె). హెక్సాడెసిమల్‌లో 11 అంటే 17, అది రిలే చిరునామా. 06 అంటే "ఒక రిజిస్టర్ రాయి". 00 01 రిజిస్టర్ నంబర్, 00 03 రాయాల్సిన విలువ. రిలే ఒప్పుకుంటే అదే సందేశాన్ని తిరిగి పంపిస్తుంది. అంతే, ఎనిమిది బైట్లలో పని అయిపోయింది.

ఇందులో ఏం లేదో చూడండి. పంపింది ఎవరో లేదు. పాస్‌వర్డ్ లేదు. ఆ 3 ఆంపియర్లా, సెకన్లా, శాతమా అన్నది లేదు. రిజిస్టర్‌కి పేరు లేదు, నంబరే. ఆ నంబర్ వెనక ఏముందో కంపెనీ ఇచ్చే రిజిస్టర్ పట్టికే చెప్పాలి. ఆ పట్టికలో లెక్క సున్నా నుంచి మొదలైందా, ఒకటి నుంచి మొదలైందా అన్న దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. ఒకటి తేడా వస్తే మనం రాయాలనుకున్న సెట్టింగ్ పక్కదానిలో పడుతుంది. దానికీ రిలే "సరే" అనే అంటుంది.

అసలు ప్రమాదం స్కేలింగ్‌లో ఉంది. మోడ్‌బస్ రిజిస్టర్‌లో 16 బిట్ల పూర్ణాంకం మాత్రమే పడుతుంది. టైమ్ మల్టిప్లయర్ 0.1 పెట్టాలంటే దాన్ని గుణించి పంపాలి. వందతో గుణించాలా, వెయ్యితోనా? పట్టిక వంద అంటోంది, మనం వెయ్యి అనుకుని 100 పంపించామనుకుందాం. రిలే దాన్ని 1.00గా చదువుకుంటుంది. ఐఈసీ స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్ (కరెంట్ పెరిగేకొద్దీ ట్రిప్ సమయం తగ్గే గీత) మీద, పికప్‌కి 5 రెట్లు కరెంట్ వచ్చినప్పుడు టైమ్ మల్టిప్లయర్ 1 అయితే ట్రిప్ సమయం 4.28 సెకన్లు. 0.1 అయితే 0.43 సెకన్లు. ఆ దాదాపు నాలుగు సెకన్ల తేడాలో పైనున్న ఇన్‌కమర్ (అన్ని ఫీడర్లకీ సరఫరా తెచ్చే లైన్) రిలే ముందు ట్రిప్ అయి, ఒక్క ఫీడర్ పోవాల్సిన చోట ఫీడర్లన్నీ కలిసే బస్ అంతా చీకటైపోతుంది. తప్పు సందేశంలో లేదు, సీఆర్‌సీ సరిగ్గానే ఉంది. తప్పు అర్థంలో ఉంది. అర్థాన్ని సరిచూసే పని మోడ్‌బస్ పెట్టుకోలేదు.

రెండు రిజిస్టర్లు కలిపి 32 బిట్ల విలువ రాయాల్సి వస్తే ఇంకో చిక్కు. ఏ సగం ముందు? ఒకరు పెద్ద సగం ముందు పంపుతారు, ఇంకొకరు చిన్న సగం. 400 పంపితే అవతల 2,62,14,400గా కనబడిందంటే ఆ రెండు సగాలూ తారుమారయ్యాయన్నమాట. ఇది మాత్రం మంచి తప్పు, చూడగానే దొరికిపోతుంది. 1.00, 0.10 మధ్య తప్పే దొరకదు.

సగం మారిన సెట్టింగ్

మోడ్‌బస్‌లో ఒక్క సందేశంతో 123 రిజిస్టర్లకు మించి రాయలేం. 300 పారామీటర్లున్న రిలేకి మూడు సందేశాలైనా కావాలి. ఒకటి వెళ్లాక కేబుల్ ఊడిందనుకుంటే రిలేలో ఉన్నది ఏ సెట్టింగ్? పాతదీ కాదు, కొత్తదీ కాదు.

ఇది ఊహకి మాత్రమే పరిమితమైన భయమేమీ కాదు. స్టాండర్డ్ ఇన్వర్స్ నుంచి ఎక్స్‌ట్రీమ్లీ ఇన్వర్స్ కర్వ్‌కి మారుతూ, దానికి తగ్గట్టు టైమ్ మల్టిప్లయర్‌ని కూడా మార్చాల్సి ఉందనుకోండి. కర్వ్ మారింది, మల్టిప్లయర్ 0.1 దగ్గరే ఉండిపోయింది. పికప్‌కి 2 రెట్ల కరెంట్ దగ్గర పాత సమయం దాదాపు 1 సెకను, ఇప్పుడు 2.67 సెకన్లు. అప్పుడే ఫాల్ట్ వస్తే రిలే ఎవరూ లెక్క వేయని కర్వ్ మీద పనిచేస్తుంది. ఇంట్లో లైటు స్విచ్చికి ఈ సమస్య రాదు. క్షణం కూడా కన్ను మూయకూడని పరికరాన్ని అది పనిలో ఉండగానే సవరించాలనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

అందుకే కాస్త ఆలోచించి చేసిన రిలేలన్నిటిలోనూ ఒక చిత్తుప్రతి ఉంటుంది. మనం రాసేవన్నీ ముందు ఆ చిత్తులోకి వెళ్తాయి. రక్షణ పని పాత సెట్టింగ్‌తోనే నడుస్తుంటుంది. అన్నీ రాశాక "ఖాయం చెయ్యి" అన్న ఒక్క ఆదేశంతో మొత్తం ఒకేసారి మారుతుంది. మధ్యలో లైన్ తెగితే చిత్తు చెత్తబుట్టకి పోతుంది. బ్యాంకులవాళ్లకి ఇది పాత చుట్టం, లావాదేవీ అంటారు. ఈ చిత్తు, ఈ ఖాయం మోడ్‌బస్ ప్రమాణంలో లేవు. కాబట్టి మోడ్‌బస్ మీద సెట్టింగ్ రాయనిచ్చే ప్రతి కంపెనీ దాన్ని తన పద్ధతిలో తాను కట్టుకుంది: ఒకరు ప్రత్యేకమైన రిజిస్టర్‌లో పాస్‌వర్డ్ రాయమంటారు, ఒకరు చివర్లో ఒక కమాండ్ రిజిస్టర్‌లో ఫలానా అంకె రాయమంటారు. అంటే పైకి మోడ్‌బస్, లోపల ఎవరి భాష వాళ్లదే. అసలు సెట్టింగ్‌లని మోడ్‌బస్‌లో చదవనిచ్చి రాయనివ్వని రిలేలు కూడా చాలా ఉన్నాయి. నాకైతే అవే తెలివైనవనిపిస్తుంది.

కంపెనీల సొంత భాషల్లో తెలివి

సొంత ప్రోటోకాల్ అనగానే అదేదో కస్టమర్‌ని కట్టిపడేసే కుట్ర అని కొట్టిపారేస్తాం. కొంత నిజం ఉంది. కానీ వాటిలో చూడముచ్చటైన ఆలోచనలున్నాయి. బ్రిటన్‌లోని జీఈసీ రిలేలతో వచ్చిన కొరియర్ అనే భాషనే చూడండి. దాంట్లో రిలే లోపలిదంతా వరసలు, నిలువు గళ్లున్న పెద్ద పట్టిక. ఒక్కో గడికీ విలువతో పాటు దాని పేరు, యూనిట్, కనిష్ఠం, గరిష్ఠం, ఎంతెంత అంగలో మారాలి అన్నవన్నీ రిలేయే చెబుతుంది. ల్యాప్‌టాప్‌కి ఆ రిలే గురించి ముందుగా ఏమీ తెలియక్కర్లేదు. అడిగితే రిలే తన మెనూ తానే చదివి వినిపిస్తుంది. ఇందాకటి వంద-వెయ్యి పొరపాటు ఇక్కడ జరిగే వీలు తక్కువ. కొరియర్‌ని మోసిన కే-బస్ అనే తీగ సెకనుకు 64 కిలోబిట్ల వేగంతో నడిచేది, తీగలు తిరగేసి కలిపినా పనిచేసేది. ఏ, బీల తలనొప్పి తెలిసినవాళ్లకి ఆ సుఖం విలువ తెలుస్తుంది.

ష్వైట్జర్ రిలేలది మరో దారి. మామూలు అక్షరాల్లో కమాండ్ టైప్ చేస్తే మామూలు అక్షరాల్లో జవాబిస్తాయి. చూపించమంటే చూపిస్తుంది, మార్చమంటే ముందు పాస్‌వర్డ్ అడిగి, ఒక మెట్టు పైకి ఎక్కనిచ్చి, అప్పుడు ఒక్కో సెట్టింగ్ అడుగుతూ పోతుంది, చివర్లో దాచమంటావా అని అడుగుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఒక టెర్మినల్ ప్రోగ్రామ్ చాలు. పాతదైనా, అర్ధరాత్రి బ్రేక్‌డౌన్‌లో ఇంతకంటే నమ్మకమైన స్నేహితుడు లేడు.

1997లో వచ్చిన ఐఈసీ 60870-5-103 ఈ సొంత భాషల గోలకి ప్రమాణంతో జవాబు చెప్పాలని చూసింది. రిలేల కోసమే రాసిన ప్రమాణం ఇది. డిస్టెన్స్ రిలే (లోపం ఎంత దూరంలో ఉందో చూసేది) అయితే 128, ఓవర్‌కరెంట్ అయితే 160 అని రకానికో నంబర్, అందులో జనరల్ ట్రిప్ అంటే 68 అని సమాచారానికో నంబర్. ఏ కంపెనీ రిలే అయినా 160, 68 అని పలికితే ఓవర్‌కరెంట్ రిలే ట్రిప్ ఇచ్చిందని కంట్రోల్ రూమ్‌కి అర్థమైపోతుంది. ఫాల్ట్ రికార్డులు తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. సెట్టింగ్‌ల కోసం జెనరిక్ సర్వీసులని ఒక భాగం పెట్టారు. అది కొరియర్ పోకడే: రిలేయే తన జాబితా చెప్పుకుంటుంది. కానీ దాన్ని తప్పనిసరి చేయలేదు. పైగా సొంత సందేశాలకని కొన్ని నంబర్లు వదిలేశారు. కంపెనీలు ఆ వదిలిన చోట హాయిగా ఇళ్లు కట్టుకున్నాయి.

డీఎన్‌పీ3 గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దూరంలోని సబ్‌స్టేషన్ నుంచి మార్పులు మాత్రమే, సమయంతో సహా తెప్పించుకోవడానికి అది గట్టి పనిముట్టు. సెట్టింగ్‌ల జోలికి పెద్దగా పోదు.

61850 ఏం తీర్చింది, ఏం తీర్చలేదు

2003 నుంచి భాగాలుగా వెలువడిన ఐఈసీ 61850 రిజిస్టర్ నంబర్లని పక్కనపెట్టి పేర్లు తెచ్చింది. టైమ్ ఓవర్‌కరెంట్ ఎలిమెంట్‌ని ఏ కంపెనీ రిలేలోనైనా పీటీఓసీ అనే అంటారు. డిస్టెన్స్ అయితే పీడీఐఎస్, బ్రేకర్ అయితే ఎక్స్‌సీబీఆర్. పీటీఓసీ లోపల పికప్‌కి ఒక పేరు, కర్వ్‌కి ఒక పేరు, టైమ్ మల్టిప్లయర్‌కి ఒక పేరు. ఇందాక చెప్పిన చిత్తు-ఖాయం పద్ధతి కూడా ప్రమాణంలోకే ఎక్కింది: ఏ సెట్టింగ్ గ్రూప్‌ని (రిలేలో విడివిడిగా దాచిన సెట్టింగ్‌ల జట్లలో దేన్ని) దిద్దాలో ఎంచుకోవడం, విలువలు రాయడం, దిద్దింది ఖాయం చేయడం, నడిచే గ్రూప్‌ని మార్చడం, ఇలా ఒక్కోదానికీ విడి ఆదేశం ఉంది.

మరి అన్నీ తీరిపోయినట్టేనా అంటే, కాగితం మీద చాలావరకు. చేతల్లో మాత్రం చాలా రిలేలు నడిచే గ్రూప్ మార్చడానికి ఒప్పుకుని, లోపలి విలువలు దిద్దడం దగ్గర మొహం చాటేస్తాయి. అదీగాక ప్రమాణం పేరు పెట్టింది అందరికీ ఉమ్మడిగా ఉన్నవాటికే. ఒక కంపెనీ తన డిఫరెన్షియల్ రిలేలో (లోపలికి వచ్చే, బయటికి పోయే కరెంట్‌లని పోల్చే రిలేలో) ప్రత్యేకంగా పెట్టిన స్టెబిలైజేషన్ కిటుకు, యూజర్ గీసుకున్న ట్రిప్ లాజిక్, ఎల్‌ఈడీల కేటాయింపు ఆ పేర్లలో ఇమడవు. రిలేల మధ్య అసలు పోటీ ఉన్నదే అక్కడ. అందుకే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది.

61850 నిజంగా మార్చింది ఫైళ్లని. రిలే ఏమేం చేయగలదో చెప్పే ఐసీడీ ఫైల్, మొత్తం సబ్‌స్టేషన్ అల్లికని చెప్పే ఎస్‌సీడీ ఫైల్, ఒక్క రిలేకి ఇచ్చే సీఐడీ ఫైల్, అన్నీ ఒకే ఎస్‌సీఎల్ భాషలో ఉంటాయి. రిలేలు ఒకదానికొకటి మిల్లీసెకన్లలో వేసుకునే కేకలు, అంటే గూస్ సందేశాలు, ఎవరు వేయాలి ఎవరు వినాలి అన్నది తేలేది ఇక్కడే. ప్రతి గూస్ సందేశంలోనూ కాన్ఫిగరేషన్ రివిజన్ నంబర్ ఒకటి ఉంటుంది. పంపే రిలే ఫైల్‌లో డేటాసెట్ (పంపాల్సిన విలువల జాబితా) మార్చి, వినే రిలే ఫైల్‌ని మరిచిపోతే నంబర్లు కలవవు. వినే రిలే ఆ కేకని పక్కన పడేయొచ్చు. అంటే ఒక్క రిలే సెట్ చేయడం అనే మాటకి అర్థం మారిపోయింది. ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకో నాలుగింటికి సమాధానం చెప్పుకోవాలి.

"అన్నీ పంపు" అనే బటన్

ఏ ప్రోటోకాల్ అయినా చివరికి మనిషి చేతిలో ఉన్నది సాఫ్ట్‌వేర్‌లోని రెండు బటన్లు: రిలే నుంచి తెచ్చుకో, రిలేకి పంపు. నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. ఒక ఫీడర్‌లో పికప్ ఒక్కటే మార్చాలి. ల్యాప్‌టాప్‌లో ఆ రిలే ఫైల్ ఎలాగూ ఉందని, ముందు రిలే నుంచి తెచ్చుకోకుండా దాన్నే తెరిచి, మార్చి, మొత్తం పంపేశాను. ఆ ఫైల్ సీటీ 200/1 ఉన్న రోజులది. మధ్యలో ఎవరో సీటీని 400/1కి మార్చి, రిలేలో రేషియో కూడా మార్చారు. నా ఫైల్ దాన్ని మళ్లీ 200/1 చేసింది. ఆ రిలేలో పికప్‌ని ప్రైమరీ (సీటీకి లైన్ వైపు) ఆంపియర్లలో ఇవ్వాలి. నేను 240 ఇచ్చాను. 200/1 లెక్కన అది సెకండరీలో (రిలే వైపు) 1.2 ఆంపియర్లయింది. అసలు సీటీకి అది ప్రైమరీలో 480. కంట్రోల్ రూమ్‌లో కరెంట్ ఉన్నట్టుండి సగమైపోయిందని ఫోన్ రాబట్టి బయటపడింది. లేకపోతే ఎప్పటికి తెలిసేదో.

ప్రైమరీలో అడిగే రిలేలు, సెకండరీలో అడిగేవి, రేటెడ్ కరెంట్‌కి ఎన్ని రెట్లని అడిగేవి మూడూ ఉన్నాయి. ఏ ప్రోటోకాలూ ఈ సంగతి మన తరఫున గుర్తుంచుకోదు.

ఇక ఈ తలుపు వేరేవాళ్ల చేతికి చిక్కితే? 2007లో అమెరికాలోని ఐడహో నేషనల్ లేబొరేటరీలో ఆరోరా అనే ప్రయోగం చేశారు. రిలే ద్వారా బ్రేకర్‌ని తెరిచి, ఫేజ్ కలవనప్పుడు మళ్లీ మూయించి, డీజిల్ జనరేటర్‌ని పొగలు కక్కించి పాడుచేసి చూపించారు. 2016 డిసెంబర్‌లో కీవ్ దగ్గర సబ్‌స్టేషన్ మీద దాడి చేసిన ఇండస్ట్రోయర్ అనే మాల్‌వేర్‌కి 101, 104 (ఇవి 103కి చుట్టాలు), 61850 ప్రోటోకాల్‌లు వచ్చు. దానితో పాటు సీమెన్స్ సిప్రోటెక్ రిలేలని స్తంభింపజేసే ముక్క ఒకటి కూడా ఉంది. అది పనిచేయలేదు. ఐపీ అడ్రస్ బైట్లు తిరగబడి వెళ్లాయని తర్వాతి విశ్లేషణలో తేలింది. మనల్ని ఏడిపించే బైట్ల వరస వాళ్లనీ వదల్లేదు.

దూరం నుంచి ఫాల్ట్ రికార్డు తెచ్చుకోవడానికి దారి ఉండాలి, సెట్టింగ్ రాయడానికి మాత్రం మనిషి ప్యానెల్ ముందుకి రావాలి అని చాలాచోట్ల పెట్టుకున్న కట్టుబాటు అందుకే. నడక దండగ అనేవాళ్లున్నారు. అయినా నా ఓటు దానికే.

ప్యానెల్ ముందుకి వచ్చాక మా వరస ఇది. ముందు రిలేలో ఉన్నది తెచ్చుకుని దాచుకుంటాం. దాంట్లోనే దిద్ది, మారినవి మాత్రం పంపుతాం. పంపాక మళ్లీ తెచ్చుకుని రెండు ఫైళ్లనీ పోల్చి చూస్తాం. మార్చింది ఒకటైతే తేడా కూడా ఒకటే కనబడాలి. స్క్రీన్ మీద టైమ్ మల్టిప్లయర్ 0.100 అని ఉంటుంది. దాన్నీ నమ్మం. టెస్ట్ కిట్ కలిపి పికప్‌కి 5 రెట్ల కరెంట్ వదులుతాం. టైమర్ 0.43 దగ్గర ఆగితే కాగితం మీద సంతకం పెడతాం. 4.28 దాకా పోయిందంటే రిజిస్టర్ పట్టిక మళ్లీ తెరుస్తాం.